రెండు సెకన్లకు ఐదు అలలు

నజ్జరేనా బించికి తన చెవుల మీద ఉన్నంత నమ్మకం మా ఊళ్లో చాలామందికి దేవుడి మీద కూడా లేదు. ఇటలీలోని మా కాస్తెల్‌ఫిదార్దోలో ఏ ఇంటి తలుపు తట్టినా అకార్డియన్ల పని తెలిసిన మనిషి ఒకరైనా బయటికొస్తారు. శ్రుతి చేసేవాళ్లకూ కొదవ లేదు. కానీ నడిబజారులో నిలబడి, "నేను శ్రుతి చేసిన పెట్టె వెనక్కి రావడమన్నది లేదు" అనగలిగేది మాత్రం ఆవిడొక్కతే. ఆ మాట గొప్పలకు చెప్పింది కూడా కాదు. నలభై మూడేళ్లలో ఒక్కటంటే ఒక్కటి రాలేదు. ఫ్యాక్టరీలో రిటైరయ్యాక కూడా, తమకు కొరుకుడుపడని పెట్టెలను అక్కడివాళ్లు ఆవిడ ఇంటికే పంపేవారు. వంటింటిని ఆనుకున్న గదిలో కిటికీ కింద బల్ల, దానికి బిగించిన చిన్న తిత్తి, నాలుగు ఆకురాళ్లు, ఒక కళ్లజోడు. ఇదే ఆవిడ సరంజామా. మేనల్లుడు ముచ్చటపడి కొనిచ్చిన శ్రుతి యంత్రం మాత్రం వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి పనికొస్తోంది.

అరవై నాలుగేళ్ల పొట్టి మనిషి. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా కూపీ లాగితే, "మగాడు గురక పెడతాడు. ఏ స్వరంలో పెడుతున్నాడో వింటూ నేను మేలుకుని కూర్చోవాలి. నాకెందుకా పీడ?" అనేది.

ఇలాంటి మనిషి ఇంటి గోడకు ఆనుకుని ఉన్న గ్యారేజీలో ఇరవై రెండేళ్లుగా ఒక రాక్ బృందం కాపురముంటోంది. పేరు గ్రాందినె. అంటే వడగళ్లు. పేరు నిలబెట్టుకునేలాగే వాయించేవాళ్లు. మిలాన్‌లో, బొలోన్యాలో వాళ్ల కచేరీ అంటే కుర్రకారు చొక్కాలు చించుకునేవారు. పాటలు కట్టి పాడేది మిర్కో జక్కాల్యా. గ్యారేజీ, దాని పైన ఇల్లు అతని తల్లి ఇరిదె సొంతం. బాస్ గిటార్ వాయించే ఫౌస్తా పేసరో నుంచి ఒక వేసవికని వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి.

మొదట్లో నజ్జరేనా ఆకురాయి చేతపట్టుకుని ఆ గ్యారేజీ మీదికి దండెత్తింది. అప్పుడు కుదిరిన ఒప్పందం ఏమిటంటే, సాయంత్రం ఐదింటి దాకా వాళ్లు తీగ ముట్టకూడదు, ఐదు తరవాత ఈవిడ నోరు విప్పకూడదు. ఇరుపక్షాలూ మాట తప్పలేదు. పైగా ఇన్నేళ్లలో ఒకరంటే ఒకరికి అలవాటు కూడా అయిపోయింది. మిర్కో ఆవిడను పిన్నీ అనే పిలిచేవాడు. అతనికి జలుబు చేస్తే పులుసు కాచి పంపేది ఆవిడే.

రెండేళ్ల కిందట ఇరిదె చనిపోయింది. ఆ తరవాత కొన్నాళ్లు గ్యారేజీ తెరవలేదు. తెరిచాక గోడ అవతలి నుంచి వచ్చే మోత తగ్గింది. గిటార్లు గోకడం మానేసి మీటడం మొదలుపెట్టాయి. డ్రమ్ములవాడు పుల్లలు పక్కన పెట్టి కుంచెల్లాంటివి పట్టుకున్నాడు. మిర్కో అరవడం మానేసి పాడుతున్నాడు. కొత్త ఆల్బమ్ ఇలాగే ఉంటుందని తెలిసి మిలాన్‌లో రికార్డుల కంపెనీవాళ్లు మూతి ముడుచుకున్నారు. పాత అభిమానులు ఫోన్లలో ఇష్టమొచ్చినట్టు తిట్టిపోశారు. ముసలాళ్లయిపోయారన్నారు, వడగళ్లు కరిగి నీళ్లయిపోయాయన్నారు. మిర్కో ఎవరి మాటా చెవిన పెట్టలేదు.

"ఇన్నాళ్లకు మనుషులు వినే సంగీతం మొదలెట్టార్రా" అంది నజ్జరేనా ఒకరోజు కిటికీలోంచి.

"అంటే ఇంతకుముందు మమ్మల్ని విన్నవాళ్లు మనుషులు కాదా పిన్నీ?"

"విన్నారని ఎవరు చెప్పారు? వాళ్లూ అరుస్తూనే ఉన్నారుగా."

రెండువేల పందొమ్మిది ఫిబ్రవరికల్లా పది పాటల్లో తొమ్మిది పూర్తయ్యాయి. మిగిలింది ఒక్కటి. ఆల్బమ్‌కంతటికీ గుండెకాయ అదే. అందులో మిర్కో గొంతు, అతని తల్లి అకార్డియన్ తప్ప ఇంకేమీ ఉండవు. ఇరిదె ఫ్యాక్టరీలో మైనం బల్ల దగ్గర పనిచేసేది. అకార్డియన్ లోపల గాలి తగిలితే పలికే ఉక్కు రేకులుంటాయి, వాటిని రీడ్లంటారు. వాటిని చెక్కకు వేడి మైనంతో అతకడం ఆవిడ పని. పనికిరావని పక్కన పడేసిన భాగాలను ఏరుకుని, ఇంట్లో తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని ముప్ఫై నాలుగు మెట్ల చిన్న పెట్టె ఒకటి తనంతట తనే కట్టుకుంది. వంటింట్లో పొయ్యి మీద ఏదో ఉడుకుతుండగా, కిటికీ మూసుకుని, పక్కింటికి వినపడనంత మెల్లగా దాన్ని వాయించుకునేది. మిర్కో పాట ఆ పెట్టె మీదే పుట్టింది.

అన్కోనా నుంచి రికార్డింగ్ సామాను వేసుకుని ఒక ఇంజనీరు గురువారం వస్తాడు. శనివారం సాయంత్రం వెళ్లిపోతాడు. ఆ తరవాత వేసవి దాకా అతనికి ఖాళీ లేదు, కంపెనీవాళ్లు ఆగరు. మిర్కో సోమవారం పొద్దున పెట్టె ఎత్తుకుని పిన్ని గుమ్మంలోకొచ్చాడు.

"తిత్తి మూల మీద గాలి పోతోంది. అతికిస్తే చాలు. ఇంకేం ముట్టుకోకు."

"సరేరా. నాకేం వేరే పని లేదనుకున్నావా?"

ఆవిడ తిత్తి అతికింది. గంట పని. గాలి నిలిచిందో లేదో చూద్దామని కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా ఒకసారి వాయించింది. అక్కడ వచ్చింది చిక్కు. మనలో ఎవరికైనా పక్కవాడి చొక్కా మీద పోగు కనిపిస్తే చెయ్యి ఊరుకుంటుందా? కింది స్వరాలు తాగినవాళ్లలా తూలుతున్నాయి. పై స్వరాలు ఎండిన కట్టెల్లా కదలకుండా ఉన్నాయి. నలభై ఏళ్ల తుప్పు, పాపం మైనం పని చేసుకునే ఇరిదెకు ఏం తెలుస్తుంది, అనుకుంది. పైగా ఈ పాట దేశమంతా వింటుంది. తన గుమ్మంలో అడుగుపెట్టిన పెట్టె తప్పు శ్రుతితో బయటికి పోవడమనేది నజ్జరేనాకు ఊహకందని విషయం. ఇరిదె కొడుక్కి ఇంతకంటే మంచి కానుక ఏముంటుందనిపించింది. సోమవారం, మంగళవారం కూర్చుని ముప్ఫై నాలుగు మెట్లనూ అద్దంలా సరిచేసింది. బుధవారం పెట్టె తిరిగిచ్చేటప్పుడు ఏమీ చెప్పలేదు. వాయించగానే వాడే ఆశ్చర్యపోతాడని లోలోపల మురిసిపోయింది.

రికార్డింగ్ జరిగే మూడు రోజులకూ ఐదింటి ఒప్పందాన్ని ఆవిడే సడలించింది. గురువారం పొద్దున పదింటికి కాఫీ కప్పుతో కిటికీ దగ్గర చేరింది. పాట మొదలైంది. ఆగింది. మళ్లీ మొదలైంది, మళ్లీ మొదటి చరణం దగ్గరే ఆగింది. ఏడోసారి ఆగాక గ్యారేజీ తలుపు తెరుచుకుంది. మిర్కో, అతని వెనక ఫౌస్తా ఈవిడ గదిలోకొచ్చారు. మిర్కో అకార్డియన్‌ని బల్ల మీద పెట్టాడు.

"దీన్నేం చేశావు పిన్నీ?"

"బాగు చేశాను."

"తిత్తి అతకమన్నాను."

"అతికాను. దాంతోపాటు శ్రుతి కూడా చేశాను. ఎలా ఉండేదిరా అది, పైన చచ్చిపోయి, కింద తూలిపోతూ. దాన్ని అలాగే రికార్డు చేస్తే నేను ఊళ్లో తలెత్తుకు తిరగక్కర్లేదా?"

"నీ తల సంగతి ఎవడడిగాడు? పాట నాది. పెట్టె మా అమ్మది." మిర్కో గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆవిడకు తేలికగా ఉండేది. "ఇప్పుడది పెళ్లి విందులో వాయించినట్టుంది. నేను నోరు తెరిస్తే పక్కన ఎవరో చిందులేస్తున్నట్టుంది. పాడలేకపోతున్నాను. గొంతు రావట్లేదు."

ఫౌస్తా మధ్యలోకొచ్చింది. "మీరు చేసింది తప్పని కాదు నజ్జరేనమ్మా. చాలా బాగుంది. మా ఏడుపంతా అదే."

నలభై మూడేళ్లలో మొదటిసారి ఒక పెట్టె వెనక్కి వచ్చింది. ఆవిడ మొహం కందిపోయింది. గట్టిగా నాలుగు మాటలు అనడానికి నోరు తెరిచింది కూడా. కానీ మిర్కో తన తల్లి పెట్టెను నిమురుతున్న తీరు చూసి, అనబోయినవన్నీ మింగేసింది. తను ఆ పిల్లాడి దగ్గర మిగిలిన తల్లి చప్పుడును గీకి పారేసిందని అప్పటికి అర్థమైంది.

"ఎలా ఉండేదో అలా కావాలి. అంతేగా?"

"అవుతుందా?"

"పాడు చేసినదాన్ని నేనేగా. నాకు కాకపోతే ఎవరికవుతుంది? శనివారం పొద్దున తెచ్చిస్తాను. అప్పటిదాకా మీ గ్యారేజీలో చీమ చిటుక్కుమనకూడదు."

వాళ్లు వెళ్లాక ఆవిడ కుర్చీలో కూలబడింది. మాట ఇచ్చినంత తేలిక కాదు ఆ పని. రీడు కొస దగ్గర గీకితే స్వరం పైకి వెళుతుంది, మొదట్లో గీకితే కిందికి దిగుతుంది. కానీ గీకిన ఉక్కు తిరిగి మొలవదు. ఆ రీడ్లు పాతవి, పలచనివి. ఇంకొక్కసారి ఓర్చుకుంటాయి, మూడోసారి విరుగుతాయి. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి. పెట్టె ముందు ఎలా పలికిందో ఆవిడకు గుర్తు లేదు. గుర్తుపెట్టుకోవాలని వినలేదు మరి, సరిచేయాలని విన్నది.

మధ్యాహ్నం ఫౌస్తా రొట్టె మీద మెత్తటి సాసేజీ రాసి తెచ్చింది. జేబులోంచి ఫోను కూడా తీసింది.

"నవంబరులో మిర్కో వంటింట్లో కూర్చుని పాడుతుంటే ఇందులో పట్టాను. పనికొస్తుందా?"

నజ్జరేనా రొట్టె పక్కకు నెట్టి ఫోను లాక్కుంది. అందులో వెనక కుళాయి కారుతున్న చప్పుడుంది, ఎవరో దగ్గారు, అయినా అకార్డియన్ స్పష్టంగానే వినిపిస్తోంది. కానీ పాటలో వాడింది పదకొండు మెట్లే.

"పదకొండూ సరిచేస్తే సరిపోదా? మిగతావి ముట్టుకోడుగా" అంది ఫౌస్తా.

"వాడి వేళ్లు ఎటు పోతాయో వాడికే తెలీదు. అయినా పదకొండు మెట్లు ఒకళ్లవీ, ఇరవై మూడు మెట్లు ఇంకొకళ్లవీ అయితే దాన్ని పెట్టె అనరమ్మా, అద్దెకొంప అంటారు. నువ్వెళ్లు."

అకార్డియన్‌లో ఒక్కో మెట్టుకు రెండు రీడ్లు కలిసి పలుకుతాయి. ఆ రెంటినీ కావాలనే ఒక వెంట్రుకవాసి తేడాతో ఉంచుతారు. ఆ తేడా వల్లే స్వరం అలలు అలలుగా ఊగుతుంది. కింది స్వరాలకు అల నెమ్మదిగా ఉండాలి, పైకి వెళ్లేకొద్దీ వేగం పెరగాలి. మా ఊళ్లో ఎవరినడిగినా ఇదే చెబుతారు, నజ్జరేనా సోమవారం చేసిందీ ఇదే. ఇప్పుడు ఆవిడ ఫోను చెవి దగ్గర పెట్టుకుని, చేతి గడియారం చూస్తూ మొదటి స్వరం అలలు లెక్కపెట్టింది. రెండు సెకన్లకు ఐదు. కాగితం మీద రాసుకుంది. రెండో స్వరం, రెండు సెకన్లకు ఐదు. బాగా పైనున్న స్వరం తీసుకుంది. దానికి తొమ్మిదో పదో ఉండాలి. ఐదే ఉన్నాయి. గడియారం ఆగిపోయిందేమోనని వంటింట్లో గోడ గడియారం కిందకు వెళ్లి నిలబడి మళ్లీ లెక్కపెట్టింది. పదకొండు స్వరాలకు పదకొండూ, కిందివీ పైవీ, రెండు సెకన్లకు ఐదు అలలే.

తుప్పుకు లెక్కలు రావు. ఇది పెట్టె పాతబడి వచ్చిన తేడా కాదు. ఎవరో కూర్చుని, ఒక్కో రీడునూ గీకి, విని, మళ్లీ గీకి, పనిగట్టుకుని పెట్టిన శ్రుతి. అంత కచ్చితంగా ముప్ఫై నాలుగు మెట్లకూ ఒకే అల నిలబెట్టాలంటే మామూలు చెవి చాలదు. తనకు ఎంత కష్టమో తనకు తెలుసు.

ఆ వరస తను ఇంతకుముందు ఒకసారి విన్నదేనని అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చాక లేచి వెళ్లి, కాఫీలో సోంపు సారా పోసుకుని ఒక్క గుక్కలో తాగింది.

డెబ్బై తొమ్మిదిలో ఫ్యాక్టరీలో శ్రుతి బల్ల దగ్గర ఒక ఖాళీ వచ్చింది. మైనం బల్ల దగ్గరి ఆడపిల్లలు నలుగురికి పరీక్ష పెట్టారు. మేస్త్రీ ఎల్వియో పరీక్ష చూసే పనిని ఇరవై నాలుగేళ్ల నజ్జరేనాకు అప్పగించాడు, ఆ వయసుకే ఆవిడ చెవికి అంత పేరుండేది. ఇరిదెకు ఇరవై రెండు. ఇంట్లో ఏడాది పిల్లాణ్ణి వదిలి పనికొచ్చేది. ఒక వరస రీడ్లు శ్రుతి చేసి బల్ల మీద పెట్టింది. నజ్జరేనా వాయించి చూసి, ముప్ఫై మంది ఆడవాళ్లు వింటుండగా తీర్పు చెప్పింది.

"అలలన్నీ ఒకేలా ఉన్నాయి. పైకెళ్లేకొద్దీ వేగం పెరగాలన్న సంగతే ఈమెకు వినపడట్లేదు. మైనం బాగా అతుకుతుంది, అదే చేసుకోనివ్వండి. శ్రుతి పట్టే చెవి లేదు."

"నాకిలాగే బాగుంది" అంది ఇరిదె.

అందరూ నవ్వారు. నజ్జరేనా కూడా నవ్వింది. ఇరిదె వెనక్కి వెళ్లి మైనం గిన్నె ముందు కూర్చుంది, ఫ్యాక్టరీ వదిలేదాకా ముప్ఫై ఏళ్లు అక్కడే కూర్చుంది. ఇరుగుపొరుగున బతికారు, పులుసులూ పిండివంటలూ గోడ మీదుగా ఇచ్చిపుచ్చుకున్నారు. ఆ మాట మళ్లీ ఒక్కనాడూ ఎత్తలేదు. తన పెట్టెను మాత్రం నజ్జరేనాకు ఒక్కసారి కూడా చూపించలేదు. మొహమాటం అనుకుంది నజ్జరేనా. కాదని ఇప్పుడు తెలిసింది. సిగ్గుతో ఆవిడ చెవులు వేడెక్కాయి. ఇరిదె శ్రుతి తను చెడగొట్టడం ఇది రెండోసారి.

సిగ్గుపడుతూ కూర్చుంటే శనివారం ఆగదు. లెక్క దొరికింది కాబట్టి ఫోనులో లేని ఇరవై మూడు మెట్ల గొడవ తీరిపోయింది. వాటికీ అదే లెక్క. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని పనిలో దిగింది. సోమవారం కొస గీకిన రీడును ఇప్పుడు మొదట్లో గీకాలి, మొదట్లో గీకినదాన్ని కొస దగ్గర. ఒక గీత గీకడం, తిత్తి మీద పెట్టి గాలి ఊదడం, గడియారం చూడడం, మళ్లీ సగం గీత. గోడ అవతల నలుగురు రాక్ వాద్యగాళ్లు, ఒక ఇంజనీరు పెదవి విప్పకుండా పేకాడుకున్నారు. ఎవరికైనా తుమ్మొస్తే రోడ్డు దాటి వెళ్లి తుమ్మి వచ్చేవాళ్లట, ఫౌస్తా తరవాత చెప్పింది. శుక్రవారం సాయంత్రం ఐదయ్యేసరికి ఆఖరి రీడు పెట్టెలోకి ఎక్కింది. ఒక్కటీ విరగలేదు. నజ్జరేనా చేతిలో విరగవు.

అప్పుడు కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా మెల్లగా వాయించింది. ఈసారి సరిచేయాలని కాకుండా ఊరికే వింది. స్వరం మారుతోంది గానీ ఊపు మారడం లేదు. ఒకే మనిషి నింపాదిగా ఊపిరి తీస్తున్నట్టుంది. బాగుంది. బాగుందని ఒప్పుకోవడానికి ఆవిడకు నలభై ఏళ్లు పట్టింది.

శనివారం పొద్దున మిర్కో పెట్టె భుజానికి తగిలించుకుని ఒక్క స్వరం పలికించాడు. పిన్ని వంక ఒకసారి చూసి మైకు ముందుకు వెళ్లాడు. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని ఆవిడ కూర్చుంది. అతను మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా పాడాడు. పాట అయిపోయాక డ్రమ్ములవాడు కళ్లు తుడుచుకుంటూ, దుమ్మెక్కువగా ఉందని గ్యారేజీని తిట్టాడు. ఇంకోసారి పాడతారా అని ఇంజనీరు అడిగితే, అక్కర్లేదన్నాడు మిర్కో.

ఆల్బమ్ అట్ట మీద వేయాల్సిన పేర్లు ఫౌస్తా అక్కడికక్కడే కాగితం మీద రాస్తోంది. "శ్రుతి, నజ్జరేనా బించి. అక్షరాలు సరిగ్గా ఉన్నాయా చూడండి."

"కొట్టెయ్. ఇరిదె చెసరోని అని రాయి."

"అమ్మ శ్రుతి చేయడమేంటి పిన్నీ? మైనం పని కదా."

"ఆమెను మైనం దగ్గర కూర్చోబెట్టింది నేనేరా" అంది నజ్జరేనా. పరీక్ష సంగతంతా దాచకుండా చెప్పింది, తను నవ్విన సంగతి కూడా. మిర్కో తల వంచుకుని విన్నాడు.

"నాకు చెప్పి ఏం లాభం? నువ్వా మాట అన్నది నాతో కాదుగా."

ఆల్బమ్ అక్టోబరులో బయటికొచ్చింది. పాత అభిమానులు కొందరు పోయారు, కొత్తవాళ్లు అంతకంటే ఎక్కువమంది వచ్చారు. మా ఊళ్లో మాత్రం అందరూ ముందు అట్ట వెనక చూశారు. ఎవరి పెట్టె, ఎవరి శ్రుతి అన్నది చూడనిదే ఇక్కడ పాట వినరు. మధ్యాహ్నాలు చౌకు మీది కాఫీ హోటల్లో రిటైరైన ఫ్యాక్టరీ ఆడవాళ్లు పేకాట వేస్తారు. నజ్జరేనా రోజూ ఆడే బల్ల అదే. ఆ రోజు కూర్చున్న నలుగురిలో మిగతా ముగ్గురూ డెబ్బై తొమ్మిదిలో ఆ పరీక్ష చూసినవాళ్లు.

"పాపం, అచ్చుతప్పు పడిందే" అంది క్వింతా అట్ట తిప్పి చూస్తూ. "శ్రుతి దగ్గర ఇరిదె పేరు వేశారు. నీ పేరు వేయబోయి వేసుంటారు."

నజ్జరేనా ముక్కలు బోర్లించి లేచి నిలబడింది. పక్క బల్లల వాళ్లకు కూడా వినపడేలా, నడిబజారులో మాట్లాడే గొంతుతోనే చెప్పింది.

"తప్పు అచ్చులో లేదు. డెబ్బై తొమ్మిదిలో నేను చెప్పిన తీర్పులో ఉంది. ఆ శ్రుతి ఇరిదెదే. ఆమెకు చెవి ఉంది, మనందరికంటే మంచి చెవి. ఆ రోజు వినపడనిది నాకు."

ఎవరూ నవ్వలేదు. క్వింతా అట్టను బల్ల మీద పెట్టింది.

"నాకు ఆ రోజే బాగుందనిపించింది నజ్జరేనా" అంది. "నువ్వు కాదన్నావని నవ్వాను."

నజ్జరేనా కూర్చుంది. చేతిలో ముక్కలు తీసుకుంది గానీ ఆ ఆట ఎవరూ పూర్తిచేయలేదు.